పాత రిమ్ముకు కొత్త రంగు: మీ ప్రశ్నలు, నా జవాబులు

దసరా ఇంకో నెల ఉందనగానే ఈ శీర్షికకు బండ్ల ప్రశ్నలు ఎక్కువవుతాయి. ఆయుధ పూజ నాటికి బండి మెరవాలని ఎవరికి ఉండదు! ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి, కారు చక్రాలకు పాత రంగు తీసి ఇంట్లోనే కొత్త రంగు వేసుకోవడం. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు జరిపి, ఈ నెల చోటంతా దీనికే ఇస్తున్నా.

ప్రశ్న: అన్నా, మాది 2012 మోడల్ చిన్న కారు, చక్రాలు స్టీల్ డిస్కులే. ప్లాస్టిక్ వీల్ క్యాపులు రెండు ఎక్కడో ఊడిపోయాయి. రోజూ పత్తి చేను దాకా దాంట్లోనే పోతా, నల్లరేగడి అంటీ అంటీ డిస్కులన్నీ తుప్పు పట్టాయి. షాపులో చెప్పిన రేటు మాకు ఎక్కువనిపించింది. నేనే వేసుకోవచ్చా? మొదటి నుంచి చెప్పండి.
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: నిక్షేపంగా వేసుకోవచ్చు తమ్మీ. స్టీల్ డిస్కు అంటే మొదటిసారి చేసేవాళ్లకు మంచిదే, తప్పు చేసినా మళ్లీ గీకి మళ్లీ వేయొచ్చు. కానీ ఒక్క మాట ముందే చెబుతా. ఈ పనిలో రంగు కొట్టడం పావలా వంతు, మిగతా ముప్పావలా గీకడం, కడగడం, ఆరబెట్టడమే. రెండు రోజుల పని అనుకుంటే ఒకటిన్నర రోజు చేతిలో స్ప్రే డబ్బా పట్టే పనే ఉండదు. ఆ ఓపిక ఉంటేనే మొదలుపెట్టు, లేకపోతే ఆరు నెలల్లో పెచ్చులు లేచి ఇప్పటికన్నా అధ్వానంగా కనిపిస్తుంది.

మొదట స్టెప్నీ తీయి. చాలామంది దాన్ని చివరికి వదిలేస్తారు. నేనైతే దాంతోనే మొదలుపెట్టమంటా, ఎందుకంటే చేయి తిరగడానికి అదే బడి. అది పూర్తయి ఆరాక దాన్ని ముందు చక్రం స్థానంలో బిగించి, ఆ చక్రాన్ని తీసుకుని పని చేయి, అలా ఒకదాని తర్వాత ఒకటి. దీనివల్ల కారు ఎప్పుడూ నాలుగు చక్రాల మీదే నిలబడి ఉంటుంది. నాలుగూ ఒకేసారి విప్పి కింద ఇటుకలు పేర్చేవాళ్లను చూశా, దయచేసి ఆ పని చేయకండి, ఇటుక ఎప్పుడు పొడి అవుతుందో ఎవరికీ తెలియదు. చదునైన నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రం వెనక రాయి పెట్టి, నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి.

చక్రం చేతికొచ్చాక సబ్బు నీళ్లతో లోపలా బయటా తోము. నల్లరేగడి ఎండితే రాయిలా పట్టుకుంటుంది కాబట్టి రాత్రంతా తడి గోనె సంచి కప్పి ఉంచి పొద్దున తోమితే సులువు. ఎండలో బాగా ఆరాక, ఒక పాత బట్ట థిన్నర్‌లో తడిపి తుడిచి, అది ఆరేలోపే ఇంకో పొడి బట్టతో తుడవాలి. ఒకే బట్టతో తుడిస్తే జిడ్డు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుంది తప్ప పోనే పోదు. టైరుకు ఎప్పుడైనా మెరుపు కోసం పాలిష్ పూసి ఉంటే ఈ తుడవడం రెండుసార్లు చేయాలి, ఎందుకంటే ఆ పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది, అది చుక్కంత మిగిలినా కొత్త రంగు అక్కడ నిలబడకుండా గుండ్రంగా విచ్చుకుపోయి చేప కళ్లలా గుంటలు పడతాయి. జిడ్డు తీసిన తర్వాతే గీకాలి. తీయకుండా గీకితే ఆ జిడ్డునే ఇనుములోకి రుద్దినట్టు.

ఇక గీకడం. గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగునంతా తీయాల్సిన పని లేదు, అది మంచి పునాదే. తుప్పు ఉన్న చోట, పొక్కులు లేచిన చోట మాత్రం ఇనుము మెరిసేదాకా వైర్ బ్రష్ వేయాలి. ఆ తర్వాత 80 నంబరు ఎమరీ కాగితం (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు), అది వేసిన గీతలు పోవడానికి 180, చివరికి 320 వాటర్ పేపర్ నీళ్లు తడుపుతూ. ఎంతవరకు రుద్దాలంటే, కళ్లు మూసుకుని ఇనుము మీద నుంచి పాత రంగు మీదికి వేలు జరిపితే మధ్యలో గట్టు తగలకూడదు. కంటికి నునుపుగా కనిపించే అంచు వేలికి తగులుతుంది, వేలికి తగిలిన గట్టు రంగు వేశాక ఎండలో కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నేను మా షెడ్డులో ఇప్పటికీ వేలినే నమ్ముతా.

గుంటల్లో దిగిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ దొరుకుతుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నది. పూస్తే ఎర్ర తుప్పు నల్లటి గట్టి పొరగా మారుతుంది. కానీ పొడిగా రాలే తుప్పు మీద పూస్తే లాభం లేదు, ముందు రాలేదంతా రాల్చాలి. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో రుద్దవచ్చా అని ఇంకో ఉత్తరంలో అడిగారు. పలచటి తుప్పు పోతుంది, చింతపండు పులుపుకు ఆ గుణం ఉంది, అయితే తర్వాత నీళ్లతో ఒకటికి రెండుసార్లు కడగకపోతే ఆ పులుపే మళ్లీ తుప్పు పట్టిస్తుంది.

ఇనుము బయటపడ్డ రోజే ప్రైమర్, అంటే రంగు పట్టడానికి కింద వేసే పూత, వేసేయాలి. రాత్రి వదిలేస్తే, అందులోనూ మబ్బు రోజుల్లో, తెల్లారేసరికి సన్నటి ఎర్ర పొడి వచ్చి ఉంటుంది. స్టీలుకు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చాలు. దాని మీద వెండి రంగో నలుపో మూడు పలచటి కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య పది పదిహేను నిమిషాలు, పైన క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పూత, రెండు. డబ్బాను రెండు నిమిషాలు బాగా గిలకరించి, జానెడు దూరం నుంచి, చేయి ఆపకుండా, రిమ్ము అంచుకు బయటే నొక్కడం మొదలుపెట్టి అవతలి అంచు దాటాకే వేలు తీయాలి. మొదటి కోటు వేశాక కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉంటుంది, కనిపించనీ. అక్కడ ఆశపడి ఇంకాస్త కొడితేనే రంగు కారి చుక్కలు కడుతుంది. 400 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి సుమారు రెండు చక్రాల ముందు వైపుకు వస్తుంది, లెక్క చూసుకుని కొనుక్కో.

సైలెన్సర్లకు వేసే వేడి తట్టే రంగు కొనకు. చాలామంది బ్రేకు వేడికి మంచిదని అదే కొంటారు. ఆ రంగు బాగా కాలితేనే గట్టిపడే రకం, చక్రానికి అంత వేడి ఎప్పుడూ తగలదు కాబట్టి అది మెత్తగానే ఉండిపోయి గోటితో గీకినా వస్తుంది.

ప్రశ్న: టైరు ఊడదీయకుండా రంగు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ముందు వైపుకే అయితే వేయవచ్చు. గాలి సగానికి పైగా తీసేసి, ఇంట్లో పడి ఉన్న పాత పెళ్లి కార్డులను జానెడు ముక్కలు చేసి, టైరుకూ రిమ్ముకూ మధ్య సందులో ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా చుట్టూ దోపండి. పూరేకుల్లా విచ్చుకుని టైరునంతా కప్పేస్తాయి. టేపుకన్నా ఇదే మేలు, రిమ్ము అంచు చివరిదాకా రంగు పడుతుంది. పెళ్లి కార్డు మందంగా నున్నగా ఉంటుంది కాబట్టి నానదు, వంగదు. వాల్వ్‌కు మాత్రం టేపు చుట్టండి.

టైరు కూర్చునే అంచులోనే తుప్పు ఉండి గాలి మెల్లగా దిగిపోతుంటే మాత్రం పంక్చర్ షాపులో టైరు ఊడదీయించాల్సిందే. అక్కడ తుప్పు తీసి నునుపు చేసి పలచగా ప్రైమర్ ఒక కోటు వేస్తే చాలు, మందంగా రంగు పూస్తే టైరు సరిగ్గా కూర్చోదు.

ప్రశ్న: సార్, మా కారుకు అల్లాయ్ వీల్స్. పై పొర అక్కడక్కడ లేచి దాని కింద తెల్లటి గీతలు పురుగు పాకినట్టు వచ్చాయి. మా పక్కింటి ఆయన బాత్రూం కడిగే యాసిడ్ పోస్తే తెల్లగా వస్తుందంటున్నారు, ఇంకొకరు కాస్టిక్ సోడా నీళ్లలో ముంచితే పాత రంగంతా ఊడుతుందంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రెండూ వద్దు చెల్లె, ఆ రెండు సీసాలూ ఉన్నచోటే ఉంచండి. ఈ ఉత్తరం చదివాకే ఈ నెల దీని గురించి రాసి తీరాలనుకున్నా.

అల్లాయ్ వీల్ అంటే ముఖ్యంగా అల్యూమినియం. ఇనుముకు పనికొచ్చే చిట్కాలన్నీ దీనికి పనికిరావు. కాస్టిక్ సోడా ఇనుమును పెద్దగా ఏమీ చేయదు, అందుకే పాత గేట్ల రంగు తీయడానికి వాడతారు. అదే అల్యూమినియం మీద పడితే బుసబుసా పొంగుతూ లోహాన్నే తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు బయటికి వస్తుంది, దగ్గర్లో అగ్గిపుల్ల గీస్తే అంటుకునే వాయువు అది. బాత్రూం యాసిడ్‌ది కూడా అదే దారి. మొదటి రెండు నిమిషాలు తెల్లగా మెరిసినట్టే ఉంటుంది, ఆ మెరుపు చూసే జనం మోసపోతారు, తర్వాత నల్లటి మచ్చలు, సూది గుంటలు. ఆ చక్రం మీ బరువునూ మీ పిల్లల బరువునూ మోసుకుని వంద కిలోమీటర్ల వేగంతో తిరిగేది, దాన్ని సన్నబరిచే పని ఏదీ చేయకూడదు.

మీరు చెప్పిన పురుగు గీతలు ఎలా వస్తాయంటే, ఎక్కడో రాయి తగిలి క్లియర్ కోటు చిట్లుతుంది, ఆ సందులోంచి తడి లోపలికి పోయి పొర కింద అల్యూమినియాన్ని తింటూ దారాల్లా పాకుతుంది. బ్రేకు ప్యాడ్ల నుంచి రాలే నల్లటి పొడిలో ఇనుప రవ్వ ఉంటుంది, వేడిగా వచ్చి రిమ్ముకు అతుక్కున్నది కడగకుండా వదిలేసినా పై పొర పాడవుతుంది. ఆ గీత ఎంత దూరం పాకిందో అంత దూరమూ, దానికి ఇంకో వేలెడు అవతలి దాకా పై పొర తీయాలి. గీత కనిపించేంత వరకే గీకి రంగు వేస్తే కింద మిగిలిన కొస మళ్లీ నడక మొదలుపెడుతుంది.

తీయడానికి రంగు తీసే జెల్ దొరుకుతుంది. అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద ఉన్నదే కొనండి. మందంగా పూసి, పైన పాలిథిన్ కవరు కప్పి పదిహేను ఇరవై నిమిషాలు వదిలితే, నూనెలో వేసిన అప్పడం లేచినట్టు పాత రంగు పొంగి ముడుచుకుంటుంది. అప్పుడు ప్లాస్టిక్ ముక్కతోనో చెక్కతోనో నెట్టండి, ఇనుప గరిటె వద్దు, గీతలు పడతాయి. టైరు రబ్బరుకు జెల్ తగలనీయకండి. డబ్బా మీద మిథిలిన్ క్లోరైడ్ అని ఉంటే మాత్రం తిరిగి ఇచ్చేయండి. వేగంగా పని చేస్తుంది నిజమే, కానీ మూసిన గదిలో దాని ఆవిరి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. ఇళ్లలో రంగు తీయడానికి వాడే మందుల్లో దాని అమ్మకాన్ని అమెరికా 2019లోనే ఆపేసింది. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు.

జెల్ తర్వాత నీళ్లతో బాగా కడిగి, 240తో మొదలుపెట్టి 400 దాకా వాటర్ పేపర్. ఇక్కడ రెడ్ ఆక్సైడ్ వేయకండి, నున్నటి అల్యూమినియం మీద అది సరిగ్గా పట్టదు. దీనికి ఎచ్ ప్రైమర్ అని వేరే ఉంటుంది, లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. అల్యూమినియం గాలి తగిలిన వెంటనే పైన సన్నటి పొర కట్టుకుంటుంది కాబట్టి రుద్దిన రోజే, కుదిరితే రుద్దిన గంటలోనే ప్రైమర్ వేయాలి.

ఇంకోటి చూసుకోండి. ముందు భాగం అద్దంలా మెరుస్తూ దగ్గరగా చూస్తే గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు సన్నటి గుండ్రటి గీతలుంటే అది డైమండ్ కట్ వీల్. దాన్ని మిషను మీద చెక్కి తయారు చేస్తారు, ఇంట్లో ఏ డబ్బాతోనూ ఆ మెరుపు రాదు. రంగు వేస్తే మామూలు రంగు చక్రం అవుతుంది, దానికి మీరు సిద్ధమైతే సరే.

ప్రశ్న: పోయిన జులైలో చక్రాలకు నల్ల రంగు, పైన క్లియర్ కోటు వేశాను. ఆరేసరికి పాలు కలిపినట్టు తెల్లగా మసకబారింది. డబ్బా నకిలీదా? పైన దుమ్ము కూడా అంటుకుంది.
– సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

జవాబు: డబ్బాను అనకండి, ఆ రోజు వానను అనండి. రంగులోని థిన్నర్ ఆవిరైపోతూ లోహాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తడి ఎక్కువ ఉంటే అది ఆ చల్లటి రంగు మీద మంచులా దిగి లోపల ఇరుక్కుంటుంది, తెల్లగా కనిపించేది అదే. ఎండ బాగా ఉన్న రోజు 600 వాటర్ పేపర్‌తో పైపైన రుద్ది, తుడిచి, ఇంకో పలచటి క్లియర్ కోటు వేయండి, చాలావరకు పోతుంది.

మన దగ్గర జులై, ఆగస్టుల్లో ఈ పని పెట్టుకోకూడదు. అలాగని మే నెల మధ్యాహ్నం కూడా కాదు, రామగుండం వైపు 44, 45 డిగ్రీలు ఎండ కాసేటప్పుడు రంగు డబ్బాలోంచి వచ్చి రిమ్మును తాకేలోపే గాలిలో ఎండిపోయి గరుకు పొడిలా కూర్చుంటుంది. వానలు తగ్గాక, మంచు ఆరిపోయిన పొద్దుటి పూట, ఎనిమిదిన్నర తొమ్మిది నుంచి పదకొండు దాకా, అదే సరైన వేళ. మీ దగ్గర బొగ్గు పొడి, వరంగల్‌లో అయితే ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే రోజుల్లో గాలిలో తేలే దూది నూగు, రెండూ తడి రంగుకు శత్రువులే. చుట్టూ నేల తడిపి, రిమ్ము మీద ఒక పెద్ద అట్టపెట్టెను గొడుగులా బోర్లిస్తే సగం దుమ్ము తగ్గుతుంది. పెట్టెకు నాలుగు బొక్కలు పెట్టడం మరచిపోవద్దు, ఆవిరి పోవాలి.

ప్రశ్న: అన్నా, పాత రంగు మీద స్ప్రే కొడితే ముడతలు ముడతలుగా లేచింది.
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: కింద ఉన్నది గేట్లకు వేసే ఎనామిల్ అయి ఉంటుంది. ఎనామిల్ పూర్తిగా గట్టిపడకముందే దాని మీద స్ప్రే డబ్బా రంగు పడితే, అందులోని ఘాటు థిన్నర్ కింది పొరను నానబెట్టి లేపుతుంది, పాల మీద మీగడ ముడుచుకున్నట్టు వస్తుంది. సరిచేసే దారి లేదు, రెండు పొరలూ తీసేయాల్సిందే. ట్రాక్టర్ రిమ్ములకు ఎనామిల్ కుంచెతో వేస్తారు కదా, అది తప్పేం కాదు, వేస్తే అడుగు నుంచి పై దాకా అదే వేయాలి. సగం అది, సగం ఇది కలపకూడదు.

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. మా ఆయన వరండాలోనే గ్రైండర్‌కు వైర్ బ్రష్ పెట్టి చక్రాల రంగు తీస్తున్నారు, ఇల్లంతా రంగు పొడి. నేను వద్దంటే టెన్షన్ పడొద్దంటారు. ఎవరిది కరెక్టు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీదే కరెక్టు. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి.

కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు తెచ్చి, 2017 నవంబరు నుంచి ఇళ్లకు, అలంకరణకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదని కట్టడి చేసింది. అది ఇళ్ల రంగుల మాట. పాత చక్రం మీద ఎవరు ఎప్పుడు ఏ రంగు వేశారో, అందులో ఏముందో చూసి చెప్పడం కుదరదు, అందుకని సీసం ఉన్నట్టే లెక్కపెట్టుకుని పని చేయాలి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, నేల మీద పాకి, ఆ చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అందరికన్నా ముందు చేరేది ఈ పొడే. గ్రైండర్ పొడిని గాలిలో లేపుతుంది, గంట తర్వాత కూడా అది దిగుతూనే ఉంటుంది.

పని వరండాలోంచి పెరట్లోకి, కుదిరితే పొలం దగ్గరికి మార్చమనండి. కింద టార్పాలిన్ పరిచి, నీళ్లు తడుపుతూ చేత్తో వాటర్ పేపర్ వేస్తే పొడి లేవదు, బురదగా కిందికి జారుతుంది. ఆ బురదను కాగితంతో ఎత్తి సంచిలో కట్టేయాలి, బావి దగ్గరో మోరీలోనో కడగకూడదు, కాల్చకూడదు. ఆ పని చేసిన బట్టలు పాప బట్టలతో కలిపి ఉతకకండి. వరండాను ఇప్పుడు చీపురుతో ఊడ్చకండి, తడి గుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. గ్రైండర్ వాడక తప్పదంటే కళ్లద్దాలు తప్పనిసరి, వైర్ బ్రష్ తీగలు తెగి సూదుల్లా ఎగురుతాయి.

స్ప్రే చేసేటప్పుడు కూడా చుట్టుపక్కల పొయ్యి, అగరుబత్తి, దోమల చక్రం ఏదీ వెలుగుతూ ఉండకూడదు, ఆ డబ్బాలోని గ్యాసు మండే గ్యాసే. రెండు భాగాలు కలిపి కొట్టే గట్టి క్లియర్ కోటు కూడా అమ్ముతారు, అందులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఉబ్బసం తెచ్చిపెడతాయి. దాన్ని తగిన మాస్కు, పెయింట్ బూత్ ఉన్న షాపుకే వదిలేయాలి.

ప్రశ్న: ఆదిలాబాద్ చలికి డబ్బాలోంచి రంగు తుంపర్లుగా పడుతోంది.
– ఒక పాఠకుడు

జవాబు: బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి డబ్బాను పది నిమిషాలు ఉంచండి, స్నానానికి పెట్టుకునే వేడి చాలు. పొయ్యి మీద కానీ మరిగే నీళ్లలో కానీ పెట్టకండి, 50 డిగ్రీలు దాటితే డబ్బా పేలవచ్చు.

ప్రశ్న: చక్రాల రంగు మారిస్తే ఆర్టీఏ ఆఫీసులో చెప్పాలా? అలాగే పౌడర్ కోటింగ్ మంచిదా, స్ప్రేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆర్సీలో ఉండేది బండి బాడీ రంగు, చక్రాల రంగు కాదు. చెప్పనక్కర్లేదు.

పౌడర్ కోటింగే గట్టిది, సందేహం లేదు. పొడిని కరెంటుతో అంటించి ఓవెన్‌లో సుమారు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు, రాయి తగిలినా అంత త్వరగా చిట్లదు. స్టీల్ డిస్కులకు కళ్లు మూసుకుని చేయించండి. అల్లాయ్‌కు మాత్రం షాపు వాళ్లను ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు అని అడగండి, ఎందుకంటే అల్లాయ్‌కు ఆ గట్టిదనం వచ్చిందే వేడిని అదుపులో పెట్టి తయారు చేయడం వల్ల, ఓవెన్ వేడి హద్దు దాటితే మెత్తబడుతుంది. గేట్లు, గ్రిల్స్ కాల్చే ఓవెన్‌లోనే ఇవీ పడేస్తామంటే వెనక్కి తెచ్చుకోండి. పగులు ఉన్న చక్రానికి ఏ కోటింగూ వద్దు, అది పాత సామాన్లవాడికే.

ప్రశ్న: రంగు వేసిన చక్రాలకు ఎన్ని రోజుల తర్వాత పూజ చేయవచ్చు? వేసిన తర్వాత 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, నట్లు కూడా ఒకసారి వదులయ్యాయి. రంగుకూ దీనికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: పూజ సంగతి ముందు చెబుతా. చేత్తో ముట్టుకుంటే అంటకపోవడం గంటలో వస్తుంది, బండికి బిగించడానికి ఒక రోజు ఆగాలి, లోపలిదాకా గట్టిపడడానికి వారం పడుతుంది. ఆ వారంలో పసుపు కుంకుమ బొట్లు పెడితే మరక లోపలికి దిగి ఉండిపోతుంది, వెండి రంగు మీద మరీను. దసరాకు పది రోజుల ముందే పని ముగించుకోండి, లేదంటే ఈసారికి బొట్టు టైరు రబ్బరు మీద పెట్టండి.

వణుకు ఎందుకంటే, గీకేటప్పుడు రిమ్ము అంచుకు ఉండే చిన్న చిన్న బరువులు ఊడిపోయి ఉంటాయి. చక్రం సమంగా తిరగడానికి పెట్టినవి అవి. షాపులో బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుంది.

నట్లు వదులవడం మాత్రం చిన్న సంగతి కాదు, రంగుకూ దీనికీ నేరుగా సంబంధం ఉంది. ఇది నాకు అనుభవంలో తెలిసింది. కొన్నేళ్ల కింద మా బామ్మర్ది కారుకు నేనే రంగు వేశా, ఎంత శ్రద్ధగా వేశానంటే నట్టు కూర్చునే గుంటలను, చక్రం వెనక హబ్బుకు (చక్రాన్ని బిగించే బండి భాగానికి) ఆనుకునే ముఖాన్ని కూడా వదలకుండా ప్రైమర్ రెండు, రంగు మూడు, క్లియర్ రెండు కోట్లు నింపా. వారం తర్వాత వాళ్లు పిల్లలతో రామప్ప గుడికి పోయి వస్తుంటే ములుగు దాటాక ముందు వైపు టక్ టక్ అని చప్పుడు వచ్చిందట. ఆపి చూస్తే ఒక నట్టు చేత్తో తిప్పితే తిరిగింది. ఫోన్ వచ్చాక నేను బండి వేసుకుని పోయేసరికి చీకటి పడింది, పిల్లలు రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

జరిగిందేమిటంటే, నట్టు చక్రాన్ని పట్టి ఉంచేది బిగింపు బలంతోనే. నట్టు కింద మందంగా రంగు ఉంటే మీరు బిగించేటప్పుడు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ బండి నడిచేకొద్దీ ఆ రంగు నలిగి పొడై పోతుంది, అది పోయిన మేర నట్టు కింద సందు ఏర్పడి బిగింపు సడలిపోతుంది. అందుకే నట్టు కూర్చునే గుంటలోనూ, వెనక హబ్బుకు ఆనే ముఖం మీదా రంగు ఉండకూడదు. వేసేటప్పుడు చక్రాన్ని పడుకోబెట్టి ఆ గుంటల్లో పిల్లలు ఆడుకునే గోళీలు పెట్టండి, చక్కగా కూర్చుంటాయి, రంగు వేశాక ఏరేయవచ్చు. గోళీలు లేకపోతే పాత నట్లు పెట్టండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది, బండిని ఇక నడపకుండా నాలుగు చక్రాలూ ఒక్కొక్కటిగా విప్పి ఆ రెండు చోట్లా రంగు లోహం కనిపించేదాకా గీకడం. బోల్టు మరలకు నూనె, గ్రీజు పూయకండి, కావాల్సిన దానికన్నా ఎక్కువ బిగుస్తాయి. నట్లను ఎదురెదురుగా మార్చి మార్చి బిగించండి, వరసగా కాదు. చిన్న కార్లలో చాలావాటికి నట్టు బిగింపు (టార్క్) 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసి, ఆ బిగింపును కొలిచే టార్క్ పానా ఉన్న షాపులో ఒకసారి సరి చూపించుకోండి. ఆ తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పానా వేయాలి.

మా బామ్మర్ది కారుకు ఆ రాత్రి టార్చి వెలుగులో నట్లు బిగించి, ముప్పై వేగంతో ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున నాలుగు చక్రాలూ విప్పి నేనే గీకా. నట్ల చుట్టూ ఉంగరంలా ఇనుము కనిపిస్తూ ఉంటుంది, కాస్త తుప్పు రంగు కూడా వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉంచాం.